ఆరు ఎర్ర సిలిండర్లు

తెనాలిలో ఆ రోజుల్లో సినిమా పిచ్చి ఉన్న మగవాడెవడైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు సీమోను చేతి దెబ్బ తిన్నవాడే. స్టేషను రోడ్డు వెనక ఉన్న సినిమా హాలుకి అతను గేటు మనిషి. ఆరడుగుల మనిషి, దున్నపోతు మెడ. నేల టిక్కెట్ల క్యూలో ఎవడైనా జనం తలల మీదుగా పాక్కుంటూ కిటికీ దగ్గరికొస్తే కాలరు పట్టి కిందికి లాగి, అదే చేత్తో ఒకటి పీకేవాడు. ఎనభై మూడులో బ్లాకు టిక్కెట్లు అమ్మేవాడొకడి పై పళ్లు రెండు రాలగొట్టాడు. వాడు ఆ పళ్లు గుప్పిట్లో పెట్టుకుని ఏడుస్తూ పోతే, మేనేజరు పాండురంగారావు "మా సీమోనుతో నీకెందుకురా పెట్టుకోవడం" అని వాడికే చీవాట్లు పెట్టి పంపాడు. అలా ముద్దు చేసి పెంచారు ఆ చేతిని. మొదట్లోనే ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ఆపి ఉంటే ఇవాళ ఈ కథ చెప్పుకోవాల్సిన పనే ఉండేది కాదు.

అతను పుట్టింది రేపల్లె అవతల పెనుమూడిలో. తండ్రి ఏసుపాదం వరికోతల కూలి. తాగాడంటే కొడుకుని కృష్ణ కరకట్ట మీద ఈడ్చి ఈడ్చి కొట్టేవాడు. పద్దెనిమిదో ఏట సీమోను తండ్రి చేతిలో కర్ర లాక్కుని, మోకాలికేసి విరిచి, ఆ సాయంత్రమే రేపల్లెలో రైలెక్కి తెనాలి వచ్చేశాడు. కర్ర అయితే విరిగింది గానీ కోపం మాత్రం వెంటే వచ్చింది. దాంతోపాటే కడుపులో మంట. పొద్దున్నే మొదలై, రొమ్ము మధ్య నిప్పు పెట్టినట్టు గొంతు దాకా ఎగదన్నేది. మంట ఎక్కువైన రోజు దెబ్బలూ ఎక్కువే. క్యూలో పాతకాపులు ముందు అతని మొహం చూసి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉంటే ఆ పూట సినిమా మానుకునేవారు.

ఆ మంటకి మందు హాల్లోనే దొరికింది. గోడలకి ఆరు ఎర్ర సిలిండర్లు వేలాడుతుండేవి, మంటలార్పేవి. ఒక్కోదాన్లో తొమ్మిది లీటర్ల నీళ్లు, అందులో అరకిలో వంటసోడా కలపాలి. నీళ్లపైన ఒక చిన్న గాజుబుడ్డిలో యాసిడ్ ఉంటుంది. తలకిందులు చేసి నేలకేసి కొడితే బుడ్డి పగిలి యాసిడ్ సోడా నీళ్లలో పడుతుంది, నీళ్లు పది గజాల దూరం చిమ్ముతాయి. ఏటా మే నెలలో పాత నీళ్లు పారబోసి కొత్తవి నింపే పని సీమోనుది. మేనేజరు మూడు కిలోల సోడా తెప్పించి అతని చేతిలో పెట్టేవాడు. తెల్లగా, మెత్తగా, గోధుమరంగు కాయితం పొట్లాల్లో. ఒకరోజు కడుపు భగభగలాడుతుంటే కేంటీన్‌లో బజ్జీలు వేసే రంగమ్మ, "చెంచాడు సోడా నీళ్లలో వేసుకుని తాగరా నాయనా, చల్లబడుద్ది" అంది. తాగాడు. బ్రేవుమని ఒక్క తేన్పు వచ్చింది. కళ్లవెంట నీళ్లు వచ్చాయి. చల్లబడింది.

అంతే, అప్పట్నుంచి పొద్దునొక చెంచా, సాయంత్రమొక చెంచా. పొట్లాలు ఇంటికి చేరాయి. మధ్యమధ్యలో రంగమ్మ "సీమోనూ, బజ్జీలు పొంగట్లేదురా, కాస్త సోడా ఉంటే ఇవ్వవూ" అంటే ఆవిడ డబ్బాలోకీ ఒక పొట్లం పోయేది. మరి సిలిండర్లలోకి? నీళ్లు. మంటలార్పేది నీళ్లే కదా, ఆ నీళ్లని తోసే బలమంతా యాసిడ్‌దే కదా అని అతని లెక్క. యాసిడ్ బుడ్లు మాత్రం ముట్టుకునేవాడు కాదు. మేనేజరు గది బయట ఉన్న సిలిండరు ఒక్కదాంట్లో పూర్తి సోడా వేసేవాడు. ఎందుకంటే ఏటా తనిఖీకి వచ్చే ఆయన టీ తాగి, పరీక్షకని విప్పించేది అదొక్కటే.

భార్య దేవకుమారిది రేపల్లె. తెనాలిలోనే ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. నూటయాభై మందికి సాంబారు కాస్తూ నాలిక మీద ఒక్క చుక్క వేసుకుని ఉప్పెంత తక్కువైందో చిటికెతో సహా చెప్పగలదు. సీమోను తాగే సోడా నీళ్లు రోజూ తనే కలిపి ఇచ్చేది. పొట్లాలెక్కడివని ఏనాడూ అడగలేదు. ఆమెకి ఒక్కడే తమ్ముడు, అంద్రెయ. తల్లి పోయినప్పుడు వాడికి రెండేళ్లు. చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు పాతికేళ్లవాడు, రేపల్లె బస్టాండులో పంక్చర్లు వేసే షాపు, పైగా ఒక హీరోగారి అభిమాన సంఘానికి అధ్యక్షుడు. బావ మొరటుతనం వాడికి తెలుసు, బావకి వాడి వేషాలు గిట్టవు. ఒక కొత్త సినిమా రోజు గేటు దగ్గర ఇద్దరూ కలబడబోతే దేవకుమారి మధ్యలో పడి మొగుడి చొక్కా పట్టుకుంది.

"ఇదిగో చూడు, ఊళ్లో ఎవర్ని కొట్టుకుంటావో కొట్టుకో. నా తమ్ముడి ఒంటి మీద నీ చెయ్యి పడిందా, ఆ రోజే నేను పోతా. తిరిగి మొహం చూడను."

సీమోను చెయ్యి దించాడు. ప్రపంచంలో అతను భయపడింది ఆ ఒక్క మాటకే.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో కడుపునొప్పి మెలిపెడితే డాక్టరు గోపాలకృష్ణ దగ్గరికి లాక్కెళ్లింది దేవకుమారి. సోడా సంగతి విని డాక్టరు తల పట్టుకున్నాడు.

"ఏంటయ్యా, పునుగుల పిండిలో వేసినట్టు వేస్తున్నావా పొట్టలో? నీ ఒంట్లోనే నీ సొంత సోడా తయారవుతుందయ్యా. పొట్టలో యాసిడ్ ఊరుతుంది, అది పేగుల్లోకి దిగగానే క్లోమం అనేది సోడా నీళ్లు వదిలి దాన్ని చల్లబరుస్తుంది. నెత్తుట్లోనూ సోడా ఉంటుంది, నెత్తురు పులిసిపోకుండా కాపలా కాస్తుంది, నువ్వు గేటు కాసినట్టు. పైనుంచి నువ్వు చెంచాలు చెంచాలు దిమ్మరిస్తే ఆ పూటకి చల్లబడుతుంది, తర్వాత పొట్ట మొండికేసి ఇంకాస్త యాసిడ్ ఊరిస్తుంది."

"మరి తేన్పు వస్తే హాయిగా ఉంటందండి?"

"యాసిడ్, సోడా కలిస్తే గ్యాసు పుడుతుంది. నీ తేన్పు ఆ గ్యాసే. ఒక్క యాసిడ్‌తో రాదు, ఒక్క సోడాతో రాదు. రెండూ కలవాలి."

డాక్టరుగారి మెట్లు దిగుతూ సీమోను చటుక్కున ఆగిపోయాడు. రెండూ కలవాలి. అంటే సోడా పడని ఆ ఐదు సిలిండర్లు? "ఏమయ్యా, ఏమైంది?" అంది దేవకుమారి. "ఏం లేదు, పద" అన్నాడు. ఇంటి దాకా అదే ఆలోచన. ఇప్పుడు సోడా అడిగితే మేనేజరు పోయినేడాది సోడా ఏమైందంటాడు. మేలో ఎలాగూ నింపాలి, అప్పుడు చూద్దాంలే అనుకున్నాడు. ఆ 'చూద్దాంలే' అన్నమాట తర్వాత జీవితమంతా అతని చెవిలో జోరీగలా తిరిగింది.

మే రాకముందే, ఏప్రిల్లో హీరోగారి సినిమా వచ్చింది.

పొద్దున రైలుకి రేపల్లె నుంచి రెండొందల మంది దిగారు. డప్పులు, కొబ్బరికాయలు, బస్తాలకొద్దీ కత్తిరించిన కాయితం ముక్కలు. ముందు అంద్రెయ, మెరిసే కొత్త పాలియెస్టరు చొక్కాలో. అదే సమయానికి పోటీ హీరో అభిమానులు ఈలలు వేసి గోల చెయ్యడానికి టిక్కెట్లు కొనుక్కుని మరీ వచ్చారు. గేటు తెరవకముందే సోడాబుడ్లు లేచాయి. గోలీసోడా బుడ్డిని బాగా కుదిపి విసిరితే బాంబులా పేలుతుంది. ఒకడి నుదురు చీరుకుపోయి కళ్లు నెత్తుటితో మూసుకుపోయాయి. ఇంకొకణ్ణి సైకిలు గొలుసుతో వీపంతా చెక్కేశారు. సీమోను లాఠీకర్ర తీసుకుని మధ్యలోకి దూకాడు. చేతికందినవాణ్ణి అందినట్టు బాదాడు. పొద్దున్నుంచి సోడా తాగే తీరిక దొరకలేదు, కడుపులో కొలిమి రాజుకుంది. ఎవడి మోచెయ్యో విరిగిన చప్పుడు వినపడినా ఆగలేదు. పావుగంటకి వరండా అంతా గాజుపెంకులు, చెప్పులు, నెత్తుటి మరకలు. మేనేజరు గదిలోంచి తల బయటపెట్టి "శభాష్ సీమోనూ" అన్నాడు, మళ్లీ తలుపేసుకున్నాడు.

ఆట మొదలైంది. ఆడవాళ్ల వైపు బెంచీల మీద దేవకుమారి కూర్చుంది, తమ్ముడి వైభవం చూద్దామని హాస్టల్లో ఒక పూట సెలవు పెట్టి వచ్చింది. తెర మీద హీరో కనపడగానే హాలు దద్దరిల్లింది. కాయితం ముక్కలు వానలా కురిశాయి, నేల తరగతిలో చీలమండల దాకా పేరుకుపోయాయి. అంద్రెయ తెర ముందున్న గట్టు మీదికెక్కి, స్టీలు పళ్లెంలో కర్పూరం గుట్టగా పోసి వెలిగించి, తెరకి హారతి పట్టాడు. హీరో మొదటిసారి కనపడ్డప్పుడు హారతి పట్టడం సంఘాలన్నిటికీ అలవాటే. సీమోనుకి అది కొత్తేం కాదు. కానీ ఆ పూట అతని ఒళ్లు అతని చేతిలో లేదు.

"దిగరా! దిగు కిందికి! హాలు తగలబెడతావా?"

"ఆగు బావా, ఒక్క నిమిషం. మా దేవుడికి హారతి."

నవ్వుతూనే అన్నాడు పాపం. వెనకనున్న కుర్రాళ్లు ఈల వేశారు. ఆ ఈలతో సీమోను కళ్లు బైర్లు కమ్మాయి. గట్టు మీదికి ఒక్క గెంతు గెంతి, చెయ్యెత్తి, సంవత్సరాలుగా క్యూలో పీకిన దెబ్బలన్నీ కలిపి ఒక్కటే దెబ్బ బావమరిది చెంప మీద వేశాడు. అంద్రెయ గిర్రున తిరిగి గట్టు మీంచి కాయితాల్లో పడ్డాడు. పళ్లెం వాడి మీదే బోర్లాపడింది.

భగ్గుమంది. ఒక్క క్షణంలో, కళ్ల ముందే. కాయితాలు అంటుకుని మంట నడుము ఎత్తు లేచింది. పాలియెస్టరు చొక్కా కరిగి రొమ్ముకి అతుక్కుపోయింది. అంద్రెయ లేచి రెండడుగులు వేసి మళ్లీ పడ్డాడు. "బావా! నీళ్లు! నీళ్లు పొయ్యి బావా!" ఇందాక ఒకళ్లనొకళ్లు పొడుచుకున్న రెండు సంఘాలూ ఇప్పుడు ఒకళ్లనొకళ్లు తొక్కుకుంటూ తలుపుల మీద పడ్డాయి.

సీమోను గోడ దగ్గరికి పరిగెత్తి సిలిండరు లాక్కొచ్చి, తిరగేసి, నేలకేసి కొట్టాడు. లోపల గాజు పగిలిన చప్పుడైంది. మూతి అంద్రెయ వైపు పెట్టాడు. నీళ్లు చిమ్మలేదు. సన్నగా, బొటబొటా కారి అతని పాదాల మీదే పడ్డాయి. దాన్ని విసిరికొట్టి రెండోది తెచ్చాడు. అదీ అంతే. ఆడవాళ్ల వైపు నుంచి దేవకుమారి గొంతు చీల్చుకుని అరుస్తోంది, "పొయ్యవయ్యా! ఏం చూస్తున్నావు, పొయ్యి!" మూడోదాన్ని తిరగేసే ఓపిక లేకపోయింది. నీళ్లు గుమ్మరిద్దామని ఒట్టి చేత్తో మూత మెలిపెట్టి పీకాడు. బుడ్డి అరచేతిలో చిట్లింది. పచ్చి యాసిడ్, గాజుపెంకులు కలిసి చేతిలోకి దిగాయి. ఆ కుడిచేతిలోకే.

నీళ్ల మీద ఆశ పెట్టుకోనిది ఒక్క రంగమ్మే. బజ్జీల మూకుడు అంటుకున్నప్పుడల్లా ఏం చేసేదో ఇప్పుడూ అదే చేసింది. కేంటీన్‌లోంచి సోడా డబ్బా చంకలో పెట్టుకుని జనానికి ఎదురొచ్చి, గుప్పిళ్లతో అంద్రెయ రొమ్ము మీద, చేతుల మీద కుమ్మరించింది. తెల్లటి పొడి పడ్డ చోటల్లా మంట ముడుచుకుని ఆరిపోయింది. మిగతాది ఇసక బకెట్లతో, కేంటీన్ డ్రమ్ములో నీళ్లతో ఆర్పారు. తెర సగం కాలింది. అప్పుడు రంగమ్మ సీమోను చెయ్యి చూసి, డబ్బా అడుగున మిగిలింది అతని అరచేతిలో దులిపింది.

చెయ్యి బుసబుసా పొంగింది. నురుగు మణికట్టు దాకా వచ్చింది. సీమోను ఆ చప్పుడు విన్నాడు. సిలిండరులో రావాల్సిన చప్పుడది. ఆ డబ్బాలోది తను ఇచ్చిన సోడాయే.

ఆస్పత్రిలో డాక్టరు గోపాలకృష్ణే చూశాడు. మధ్యాహ్నానికి అంద్రెయ ఊపిరి మారిపోయింది. పరిగెత్తి పరిగెత్తి వచ్చినవాడిలా లోతుగా, వేగంగా ఎగపీలుస్తున్నాడు.

"ఒళ్లు కాలితే నెత్తురు పులిసిపోతుందయ్యా," అన్నాడు డాక్టరు. "నెత్తుట్లో ఉన్న సోడా ఖర్చయిపోయింది. ఆ పులుపుని ఊపిరితోనైనా బయటికి తోసేద్దామని ఒళ్లు కొట్టుకుంటోంది. సోడా ఇంజక్షన్లు ఎక్కించాలి. మా దగ్గర రెండే ఉన్నాయి. పరిగెత్తు, పది పట్రా."

కట్టు కట్టిన చేత్తో, కాలిన చొక్కాతో ఎర్రటి ఎండలో పరిగెత్తాడు సీమోను. బజారులో మనుషులు అతన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. మందుల షాపాయన రెండేళ్ల కిందట క్యూలో ఇతని చేత తన్నులు తిన్నవాడు. సీమోను ఊగిపోతూ రావడం చూసి, కొట్టడానికే వస్తున్నాడనుకుని షట్టరు దించి లోపల గడియ పెట్టుకున్నాడు. ఎవడి తప్పని అంటాం? సీమోను షట్టరు ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అయ్యా, కొట్టడానికి రాలేదయ్యా. సోడా ఇంజక్షన్లయ్యా. నా బావమరిది చచ్చిపోతన్నాడయ్యా. నీ కాళ్లు పట్టుకుంటా, తలుపు తియ్యి."

లోపలి మనిషికి నమ్మకం కలగడానికి అరగంట పట్టింది.

ఇంజక్షన్లు ఎక్కించినా అంద్రెయ మూడో రోజు పొద్దున పోయాడు. రేపల్లెలో సమాధి చేశారు. కాలిన తెర ముందు నిలబడి విచారణకొచ్చినవాళ్లు, కర్పూరం వల్ల ప్రమాదమని, సిలిండర్లు పాతబడి పనిచెయ్యలేదని రాసుకుపోయారు. సీమోనుని ఎవరూ ఏమీ అడగలేదు. చెంపదెబ్బ సంగతి దేవకుమారి కళ్లారా చూసింది. అయినా పోలేదు. కాలిన చేత్తో అన్నం కలుపుకోలేకపోతుంటే ముద్దలు పెట్టింది. ఆ ముద్దలు అతనికి దెబ్బలకంటే గట్టిగా తగిలాయి.

ఎనిమిదో రోజు సాయంత్రం కడుపు పట్టుకుని కూర్చుంటే, డాక్టరు వద్దన్నాడని గుర్తున్నా, చూడలేక గ్లాసులో సోడా కలిపి తెచ్చింది.

"ఈ ఒక్కసారికీ తాగు. మంట తగ్గుద్ది."

సీమోను గ్లాసు వంక చూశాడు. చెప్పకపోతే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. రంగమ్మ నోరు విప్పే మనిషి కాదు. చెబితే ఇల్లు పోతుంది, ఈమె పోతుంది. ఆ గ్లాసు అందుకుని తాగితే, రేపు ఇంకో గ్లాసు కలిపి తెస్తుంది.

"ఈ సోడా సిలిండర్లలోది కుమారీ."

ఆమెకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. పొట్లాల సంగతి, రంగమ్మ డబ్బా సంగతి, డాక్టరు మెట్ల మీద తనకి తెలిసిన సంగతి, మేలో చూద్దాంలే అనుకున్న సంగతి, అన్నీ. దేవకుమారి గ్లాసు నేల మీద పెట్టింది.

"ఎన్నిట్లో వేశావు?"

"ఒక్కదాంట్లో."

"అదెక్కడుంది?"

"మేనేజరు గది బయట. తనిఖీ ఆయన చూసేది అదొక్కటే."

"నా తమ్ముడు తగలబడతా ఉంటే అది ఎందుకు తేలేదు?"

ఆ మంటల్లో సీమోనుకి అది గుర్తు రాలేదు. అంతే, గుర్తు రాలేదు.

మూలనున్న వంట తెడ్డు తీసుకుంది దేవకుమారి. ముందు భుజం మీద కొట్టింది. తర్వాత ఎక్కడ పడితే అక్కడ. నెత్తి పగిలి నెత్తురు కళ్లలోకి కారింది. "వాడికి రెండేళ్లప్పుడు ఎత్తుకున్నానురా, రెండేళ్లు!" అని అరుస్తూ కొట్టింది. తెడ్డు విరిగింది. విరిగిన ముక్కతోనే కొట్టింది. తెనాలినంతా వణికించిన మనిషి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. చెయ్యెత్తితే ఆపగలడు. ఎత్తలేదు. ఇరుగుపొరుగు వచ్చి ఆమెని లాగారు. ఆ రాత్రే రేపల్లె రైలెక్కి వెళ్లిపోయింది.

రెండేళ్లకి దేవకుమారికి బాపట్లలో ఒక కాలేజీ హాస్టల్లో వంట పని దొరికింది. అక్కడ గోడలకి పన్నెండు ఎర్ర సిలిండర్లున్నాయి. వాటిని ఏటా నింపడానికి మనిషి కావాలని వార్డెన్ అంటుంటే, కూరలు తరుగుతున్న దేవకుమారి తలెత్తకుండానే చెప్పింది.

"తెనాలిలో ఒకడున్నాడండి. ఆ పని వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు."

సీమోను వచ్చాడు. వాచ్‌మన్ గది ఇచ్చారు. ఆమె వంటింటి వెనక గదిలోనే ఉండేది. కలిసి కాపురం చెయ్యలేదు, విడిపోయామనీ అనలేదు. సీమోను మళ్లీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు, సోడా చుక్క గొంతులోకి పోనివ్వలేదు. కడుపు మండినప్పుడు గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. కుర్రాళ్లు వేళాకోళం చేసినా వంకర తిరిగిన కుడిచెయ్యి జేబులో పెట్టుకుని పక్కకి పోయేవాడు.

ఏటా మే నెలలో, సెలవులకి హాస్టల్ ఖాళీ అయ్యాక, పన్నెండు సిలిండర్లూ వరండాలో వరసగా పెట్టేవాడు. దేవకుమారి పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది. అతను ఒక్కో పొట్లం ఆమె ముందే విప్పి, నీళ్లలో పోసి, కర్రతో కలిపేవాడు. యాసిడ్ బుడ్డి దించకముందు ఆమె ప్రతిదాంట్లో వేలు ముంచి, నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని చూసేది. అప్పుడు గానీ "ఊఁ, మూత బిగించు" అనేది కాదు. తొమ్మిదేళ్లు ఇద్దరి మధ్యా నడిచిన మాటల్లో ఎక్కువ భాగం ఇదే.

తొంభై ఏడు మేలో పదకొండు అయిపోయాయి. పన్నెండోదాంట్లో పొట్లం అడుగంటా దులిపి వేశాడు సీమోను, తూకానికి రవ్వ తక్కువ లేదు. దేవకుమారి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. చాలాసేపు కళ్లు తెరవలేదు.

"చాల్లేదు," అంది. "ఇంకొంచెం వెయ్యి."

సరిపోయిందని అతనికి తెలుసు. ఆ నాలిక సంగతీ తెలుసు, ఆమెకీ తెలిసే ఉంటుందనీ తెలుసు. కొత్త పొట్లం విప్పి ఇంకో గుప్పెడు వేశాడు.